ఉన్నట్టుండి చెవి వినపడకపోతే: సాయం చేసినవారికి మా కృతజ్ఞతలు

హఠాత్తుగా వచ్చే చెవుడు మీద తెలుగు కరపత్రం రాయడానికి సాయపడిన ఈఎన్‌టీ డాక్టర్లకు, ఆడియాలజిస్టులకు (వినికిడి పరీక్షించే నిపుణులకు) మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. పరిశోధన పత్రాలను పట్టికలతో సహా విడమరిచి చెప్పారు. అందులో ముఖ్యమైనవి ఇక్కడ పెడుతున్నాం.

చెవి దిబ్బడ వేస్తే గులిమి అనో జలుబు అనో చుక్కల మందు వేసుకుంటూ వారాలు గడిపేసేవాళ్లే ఎక్కువ. నోరు మూసి ‘మ్‌’ అని చూడండి. గులిమి అడ్డుపడితే ఆ శబ్దం సాధారణంగా దిబ్బడ వేసిన చెవిలోనే గట్టిగా వినిపిస్తుంది. లోపలి చెవి దెబ్బతింటే బాగున్న చెవివైపు పోతుంది. డాక్టర్లు 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌తో చూసేది ఇదే. ఇది అనుమానం వరకే, తేల్చేది ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష. 72 గంటల్లోపు, వరుసగా మూడు ఫ్రీక్వెన్సీల్లో (శ్రుతుల్లో) 30 డెసిబెల్స్ లేదా అంతకు మించి వినికిడి పడిపోతే అది అత్యవసరమే. దీనికి వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు వాడదలిస్తే రెండు వారాల్లోపే మొదలుపెట్టాలి.

ముఖపరిచయం లేకపోయినా రుణపడింది ట్రయల్స్‌లో, అంటే మందులను మనుషుల మీద పరీక్షించే అధ్యయనాల్లో చేరినవారికి. ఈ జబ్బు చాలామందిలో మందు లేకుండానే కొంత తగ్గుతుంది కాబట్టి, పోల్చడానికి మరో గుంపు లేకపోతే ఏ మందైనా పనిచేసినట్టే కనిపిస్తుంది. 2011లో అచ్చయిన అమెరికా ట్రయల్‌లో 250 మంది చేరారు. దాదాపు సగం మందికి రోజుకు 60 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు 14 రోజులు ఇచ్చి, తర్వాత 5 రోజుల్లో తగ్గించారు. మిగతావారికి రెండు వారాల్లో నాలుగుసార్లు మిథైల్‌ప్రెడ్నిసలోన్ అనే మరో స్టెరాయిడ్‌ను కర్ణభేరి గుండా ఎక్కించారు. రెండు నెలలకు మెరుగుదల వరుసగా 30.7, 28.7 డెసిబెల్స్, అంటే దాదాపు సమానమే. షుగర్ ఉన్నవారికి ఇది పెద్ద ఊరట, ఎందుకంటే మాత్రలతో షుగర్ పెరుగుతుంది. జర్మనీలో 325 మందితో చేసిన హోడోకోర్ట్ ట్రయల్‌లో 250 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ సెలైన్‌లో ఎక్కించినా 60 మిల్లీగ్రాముల మాత్రలకంటే మేలు జరగలేదు, దుష్ప్రభావాలే పెరిగాయి. పెద్ద డోసు కోసం పట్టుబట్టే కుటుంబాలు ఈ ఒక్క ఫలితమైనా తెలుసుకోవాలి. ప్లాసిబోతో (మందు లేని ఉత్తుత్తి మాత్రతో) పోల్చిన ట్రయల్స్ మాత్రం చిన్నవే. స్టెరాయిడ్ తప్పక పనిచేస్తుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

కర్ణభేరి గుండా ఇచ్చే ఇంజెక్షన్ తీరును వివరించిన డాక్టరుకు విడిగా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. మందు చల్లగా ఉంటే కళ్లు తిరుగుతాయి, అందుకే ఒంటి వేడికి తెచ్చి ఎక్కిస్తారు. తర్వాత ఆ చెవి పైకి ఉండేలా 15 నుంచి 30 నిమిషాలు పడుకోవాలి. మాట్లాడకూడదు, గుటక వేయకూడదు. వేస్తే మందు చెవి గొట్టం గుండా గొంతులోకి జారిపోతుంది, లోపలి చెవికి అందేది తగ్గుతుంది. మాత్రలతో సరిగా కోలుకోనివారికి, జబ్బు మొదలైన రెండు నుంచి ఆరు వారాల మధ్య ఈ ఇంజెక్షన్లు ఇవ్వాలని అమెరికా ఈఎన్‌టీ సంఘం 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. వైరస్ మందులు, రక్తనాళాలను వెడల్పు చేసే మందులు మామూలుగా రాయవద్దని కూడా వాటిలో ఉంది. వినికిడి నరం మీద గడ్డ ఉందేమో చూడటానికి ఎంఆర్‌ఐ కావాలి.

చికిత్స ముగిశాక ఒకసారి, ఆరు నెలల్లోపు ఇంకోసారి ఆడియోగ్రామ్ తీయించాలన్న మాటను పెద్ద అక్షరాల్లో వేయమన్న ఆడియాలజిస్టుకు ప్రత్యేక ధన్యవాదాలు. అలాగే వేశాం.