ఐదు పుస్తకాలొద్దు, ఒక్కటి చాలు

అమ్మలూ,

నీ క్లాసు పిల్లలకని నువ్వు వేసి వాట్సాప్‌లో పంపిన వారం ప్లాను నాన్న ఫోన్లో పెద్దది చేసుకుని చూశాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకో బొమ్మల పుస్తకం, పుస్తకానికో కత్తిరింపు పని. గళ్ళు కొట్టి, రంగులు వేసి నీటుగానే చేశావు. ఫోన్లో చెబితే సగం విని మిగతా సగానికి "సర్లేమ్మా" అనేస్తావు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

అందులో నాలుగు పుస్తకాలు తీసెయ్.

మూడేళ్ళ పిల్లలకి ఎప్పుడూ కొత్త కథ కావాలని మనం అనుకుంటాం. వాళ్ళకి కావలసింది తెలిసిన కథ. పేజీ తిప్పకముందే తర్వాత ఏమొస్తుందో అరిచి చెప్పడంలోనే ఉంది వాళ్ళ సరదా అంతా. మా అంగన్‌వాడీలో మొదటిసారి చదివితే బొమ్మలు చూసేవారు, రెండోసారి మాటలు వినేవారు, మూడోసారికి గానీ "ఎందుకు టీచరమ్మా" అనేవారు కాదు. మంగళవారం నువ్వు ఇంకో పుస్తకం తెరిస్తే ఆ "ఎందుకు" పుట్టే వీల్లేదు.

నీ ప్లాన్లో ఎరిక్ కార్ల్ వేసిన ఆకలి గొంగళిపురుగు పుస్తకం ఉంది కదా, 1969 నాటిది. అదొక్కటి ఉంచుకో. దానికి నువ్వు రాసుకున్న పని ఏటి? గుడ్ల ట్రే కత్తిరించి పచ్చరంగు పూసిన పురుగు. ఆ పని పిల్లలు చెయ్యరు. నువ్వూ ఆయమ్మా సాయంత్రాలు కూర్చుని చేస్తారు. ఇరవై పురుగులూ ఒక్కలాగే ఉంటాయి, ఫోటో బావుంటుంది, తల్లిదండ్రుల గ్రూపులో పెడతారు. పుస్తకంలో ఏముందో ఆ ట్రే పురుగులో ఒక్కటీ ఉండదు. పుస్తకంలో ఉన్నవి తినడం, లెక్క, వారాల పేర్లు, పురుగు తిన్నచోటల్లా కాగితానికి కన్నం, చివరికి పురుగు సీతాకోకచిలుకగా మారడం. పనులు వాటిలోంచే లాగాలి.

కన్నం సంగతే చూడు. కార్ల్ గారు ఒకరోజు కాగితాల కట్టకి పంచింగ్ మిషన్‌తో కన్నాలు పొడుస్తుంటే పుస్తకాలు తినే పురుగు గుర్తొచ్చిందట. మొదట ఆ పురుగు మీదే కథ అనుకున్నారు. ఎడిటరమ్మ గొంగళిపురుగైతే బావుంటుందనడంతో ఈ కథ అయింది. పిల్లల చేతికి పంచింగ్ మిషనివ్వు. చేతికి బలం చాలక ఇద్దరు కలిసి నొక్కుతారు, నొక్కనీ. కన్నంలోంచి వేలు పెట్టి "నేనే పురుగుని" అనకుండా ఉన్న పిల్లని చూపించు నాకు. ఆయన బొమ్మలు పల్చటి కాగితాలకి ముందే రంగులు పులిమి, ఆరాక కత్తిరించి అంటించినవి. మీరూ అంతే చెయ్యండి. ఒకరోజు న్యూస్ పేపర్ మీద చేత్తో రంగు పులమడం, మర్నాడు చింపి మైదా జిగురుతో అంటించడం. ఏ పండు చెయ్యాలో వాళ్ళిష్టం.

పళ్ళ లెక్క: సోమవారం ఒక ఆపిల్, మంగళవారం రెండు పియర్లు, అలా శుక్రవారానికి ఐదు నారింజలు. చదవడం ఆయన రాసినట్టే చదువు. తర్వాత మన పురుగు మన వూళ్ళో ఏం తింటుందో వాళ్ళని అడిగి పెద్ద కాగితం మీద రాయి: జామకాయ, సీతాఫలం, పనస తొన, సీతంపేట అనాస, తాటి ముంజు. చింతపిక్కలు పరిచి రోజువారీ కుప్పలు పెట్టించు, అన్నీ కలిపితే పదిహేనొస్తాయి. చిన్నవాళ్ళు పిక్కలు నోట్లో పెట్టుకుంటారు, ఒక కన్నేసి ఉంచు. పలాస నుంచి ఎవరైనా పచ్చి జీడిపిక్కలు పంపితే మాత్రం క్లాసులోకి రానివ్వకు. తొక్కలో జీడి తగిలితే చెయ్యి పొక్కిపోతుంది.

శనివారం ఆ పురుగు దొరికిందల్లా తిని కడుపునొప్పితో పడుకుంటుంది చూశావా, అక్కడ ఆగు. దానికి మందేంటని అడుగు. మా దగ్గర ఒకడు "ఓమ నీళ్ళు పట్టాలి" అన్నాడు, ఇంకొకత్తి "వాళ్ళమ్మ ఏటి చేస్తంది" అంది. ఆ పుస్తకంలో తల్లి ఎక్కడా కనపడదు మరి. ఇలాంటి మాటలు రానివ్వడానికే నేను టైము వదలమనేది. 1988లో అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే ఆయనా, ఆయనతో పనిచేసినవాళ్ళూ రెండు మూడేళ్ళ పిల్లల తల్లిదండ్రులకి ఇదే నేర్పారు: అవుననో కాదనో తేలిపోయే ప్రశ్నలు తగ్గించి "ఇక్కడేం జరుగుతోంది" అని అడగడం, పిల్ల ఒక మాటంటే దానికి ఇంకో రెండు కలిపి తిరిగి చెప్పడం. నెల తిరిగేసరికి ఆ పిల్లలు మామూలుగా చదివించుకున్నవాళ్ళకంటే మాటల్లో ముందున్నారు.

ఇక మారడం. కరివేపాకు మొక్కో నిమ్మ మొక్కో దొరికితే ఆకుల మీద సీతాకోకచిలుక పురుగు కోసం వెతుకు. చిన్నప్పుడు ఆ పురుగు పిట్టరెట్టలా నల్లగా, తెల్ల మచ్చతో ఉంటుంది. పెద్దదయ్యాక ఆకుపచ్చ. పుల్లతో తల దగ్గర తాకావంటే ఎర్రగానో నారింజ రంగులోనో రెండు కొమ్ములు బయటికి తీసి ఘాటు వాసన కొడుతుంది, పిల్లలు ఎగిరి గంతేస్తారు. కొమ్మతో సహా వెడల్పు మూతి సీసాలో పెట్టి పైన పాత చీర ముక్క కట్టు, రోజూ లేత ఆకు వెయ్యి. కొన్నాళ్ళకి తినడం మాని, నడుముకి సన్నటి దారం బిగించుకుని పుల్లకి ఆనుకుని ఉండిపోతుంది. తోలు ఊడి లోపల గట్టి పెంకులాంటిది కనపడుతుంది. పుస్తకంలో పురుగు గూడు అల్లుకుంటుంది గానీ, గూడు అల్లేవి పట్టుపురుగుల జాతి. ఈ తేడా నువ్వు ముందే చెప్పెయ్యకు, సీసానీ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టు చాలు. సీతాకోకచిలుక బయటికొచ్చాక రెక్కలు ఆరేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దు. మునగచెట్టు మీది బొంతపురుగు జోలికి మాత్రం పోవద్దు, ఒళ్ళంతా దద్దుర్లే.

దీనికి రెండు వారాలు ఇవ్వు. తర్వాత ప్యాట్ హచిన్స్ అనే ఆవిడ 1968లో వేసిన రోజీ అనే కోడి పుస్తకం తియ్యి. మొత్తం 32 ఇంగ్లీషు మాటలే, ఒకటే వాక్యం. కోడి పెరడు దాటి, చెరువు చుట్టూ తిరిగి, గడ్డికుప్ప మీదుగా, మిల్లు పక్కనుంచి, కంచెలోంచి, తేనెపెట్టెల కిందనుంచి నడిచి ఇంటికొచ్చేస్తుంది. వెనక నక్క పడుతుంది, ఆ నక్క మాట రాతలో ఎక్కడా లేదు. చదివేటప్పుడు నువ్వూ నక్క ఊసెత్తకు. "నక్కొచ్చేస్తంది, ఎనక్కి సూడమను" అని వాళ్ళే కేకలేస్తారు. బల్ల, చీర, గోనెసంచి, నీళ్ళ బకెట్టు వరసగా పెట్టి ఒకర్ని కోడినీ ఒకర్ని నక్కనీ చెయ్యి. మీదుగా, కిందనుంచి, చుట్టూ అనే మాటలు ఒంటితో నేర్చుకుంటారు, వర్క్‌షీటు అక్కర్లేదు.

వాళ్ళు "ఎల్తంది", "సూడు" అన్నప్పుడు అక్కడికక్కడ దిద్దకు. నువ్వు "వెళ్తోంది, చూడు" అని తిరిగి చెప్పు, అంతే. మీ స్కూల్లో ఇంగ్లీషులోనే చెప్పించమంటారని తెలుసు. బొమ్మ చూపించి కథ తెలుగులో చెప్పుకున్నాక ఇంగ్లీషు వాక్యం చదివితే అది ఇట్టే పట్టుబడుతుంది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని ఆ పిల్లల కోసం వాళ్ళ మాటల్లోనే వాచకాలు రాశారు, ఆయన మన శ్రీకాకుళం జిల్లాలో పుట్టినవాడే. మీ మేడమ్‌కి ఈ ముక్క చెప్పి చూడు.

ఫోటోల గొడవకి ఒక ఉపాయం. వారానికొకసారి పిల్లలు చెప్పిన మాటలు, చెప్పింది చెప్పినట్టు చార్టు మీద రాసి, ఎవరి మాట కింద వాళ్ళ పేరు రాసి గోడకి అంటించు. దాన్ని ఫోటో తీసి పెట్టు. ఓమ నీళ్ళ మాట చదివిన తల్లి గుడ్ల ట్రే పురుగు ఎక్కడని అడగదు.

పుస్తకం చిన్నది, పిల్లలు ఇరవై మంది, వెనకున్నవాళ్ళకి బొమ్మ కనపడదు. రెండు జట్లు చేసి ఒక జట్టు ఆయమ్మ దగ్గర ఆడుకుంటుంటే ఇంకో జట్టుకి చదువు. పదిహేను నిమిషాలు దాటించకు. ఇంకా పుస్తకాలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఊరికే దొరుకుతాయి, ప్రింటు తీసుకోవచ్చు. తీసే ముందు నువ్వు పైకి చదివి చూసుకో, కొన్నిటి తెలుగు నోటికి తిరగదు.

నాన్న ఆదివారం విజయనగరం వస్తున్నారు. బట్టల కొట్టు పాత క్యాలెండర్లు చుట్టి ఇస్తున్నాను, వెనక వైపు తెల్లగానే ఉంది, పెద్ద బొమ్మలు వేసుకో. చింతపిక్కలు కడిగి ఎండబెట్టాను, అవీ పంపుతున్నాను. సీసా నువ్వే కొనుక్కో, బస్సులో పగిలిపోతుంది.

అమ్మ