ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర కొన్న పీబెర్రీ పొడి గురించి, నాన్నగారి గురించి

చిక్కడపల్లిలోని మా కాఫీ పొడి దుకాణానికి ఏళ్ళ తరబడి వస్తున్న మీ అందరికీ నమస్కారం.

నాన్నగారు 2025 ఫిబ్రవరిలో, మాఘమాసం చివర కాలం చేశారన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. పన్నెండో రోజున ఇంటికి వచ్చి అమ్మ దగ్గర కూర్చున్నవారు మీలో ఎందరో ఉన్నారు. ఇప్పుడు చెప్పవలసింది ఆ తరువాత జరిగిన సంగతి. ఏప్రిల్ 22 నుంచి మే 17 వరకు మేము అమ్మిన పీబెర్రీ పొడిలో, అంటే గుండ్రటి అరబికా గింజలతో చేసే పొడిలో, రొబస్టా అనే వేరే జాతి కాఫీ గింజ కలిసింది. దానిని మేము కలపలేదు, కాని మీకు తూచి ఇచ్చింది మాత్రం నేనే.

మే రెండో వారంలో ఒక సాయంత్రం, మా నాన్నగారి వయసున్న ఒక పెద్దాయన అరకిలో పొడి తీసుకొని మెట్లు దిగుతూ పక్కనున్న వారితో, "ఆయనతోనే ఆ రుచి కూడా పోయిందండీ" అన్నారు. నాకు వినిపించకూడదనే నెమ్మదిగా అన్నారు, కాని వినిపించింది. నాకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. అదే రోస్టరు, అదే మర, కాఫీ 80 పాళ్ళు, చికోరీ వేరు పొడి 20 పాళ్ళు, అదే తక్కెడ. ఏడో తరగతి నుంచి ఆ తక్కెడ దగ్గర నిలబడిన చెయ్యి నాది. ఆడపిల్ల చేతికి వచ్చేసరికి రుచి పోయిందని ముందే నిర్ణయించుకొని తాగితే ఏ కాఫీ అయినా అలాగే ఉంటుందని ఆ రాత్రి అమ్మతో అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. ఆమె మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోవడం నా పొరపాటు.

మూడు రోజుల తరువాత, పదవీ విరమణ చేసిన ఒక టీచరమ్మగారు వచ్చారు. ఆమె రుచి గురించి ఒక్క మాట అనలేదు. ఇరవై ఏళ్ళుగా సాయంత్రం నాలుగింటికి తాగే కాఫీ ఇప్పుడు రాత్రి ఒంటిగంట దాకా నిద్ర పట్టనివ్వడం లేదని, తనకు వయసు మీద పడుతోందేమోనని చెప్పి నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అరబికా గింజలో ఉండే కెఫీన్‌కు రొబస్టాలో దాదాపు రెట్టింపు ఉంటుందని నాన్నగారు నాకు లెక్కల పుస్తకం కన్నా ముందు నేర్పిన పాఠం.

షట్టరు దించి గోదాములోని బస్తాలు విప్పాను. సాధారణంగా ఒక కాఫీ పండులో రెండు గింజలు చదునైన వైపులు ఆనించుకొని పెరుగుతాయి. ఎప్పుడైనా ఒక్కటే పెరిగితే అది గుండ్రంగా తయారవుతుంది, దానినే పీబెర్రీ అంటాము. రొబస్టాలోనూ పీబెర్రీ ఉంటుంది, మోసానికి వీలు కల్పించేది అదే. బల్లపరుపు గింజల్లో గుండ్రటి గింజ కలిస్తే చిన్నపిల్ల అయినా పట్టుకుంటుంది, కాని గుండ్రటి వాటిలో గుండ్రటివి కలిపితే నడుమనున్న గాడిని చూసి తప్ప తెలియదు: అరబికా గాడి కొంచెం వంకర తిరిగి ఉంటుంది, రొబస్టా గాడి తిన్నగా ఉంటుంది. నాన్నగారి భూతద్దం తీసుకొని, ఒక్కొక్క బస్తా నుంచి వంద గింజలు పళ్ళెంలో పోసి వేరు చేశాను. ఒక బస్తాలో వందకు ముప్ఫై ఎనిమిది రొబస్టా గింజలు, ఇంకొక దానిలో నలభై ఒకటి. రెండు రకాలను విడివిడిగా వేయించి, విడివిడిగా డికాషన్ తీసి తాగేసరికి తెల్లవారింది. పెద్దాయన చెప్పింది నిజమే. రుచి పోయింది, కాని పోయిన చోటు ఆయన అనుకున్నది కాదు.

ఈ గింజలు మాకు పంపిన వర్తకుడితో మాకున్న సంబంధం చెప్పకపోతే నా కోపం మీకు అతిగా తోచవచ్చు. నలభై ఒక్క ఏళ్ళ క్రితం నాన్నగారు దుకాణం తెరిచిన నాటికి తోటలవారు తమ పంటను ప్రభుత్వ సంస్థ అయిన కాఫీ బోర్డు ఉమ్మడి నిల్వకు అప్పగించవలసి ఉండేది, సరుకు అక్కడి నుంచే వర్తకానికి వచ్చేది. 1990వ దశకం మధ్యకు ఆ పద్ధతి పోయింది. ఎవరి దగ్గరైనా కొనుక్కునే స్వేచ్ఛతోపాటు ఎవరిని నమ్మాలన్న చిక్కు కూడా వచ్చిపడింది. అప్పుడు నాన్నగారు బస్సెక్కి చిక్కమగళూరు వెళ్ళి, వారం రోజులు తిరిగి ఒక మనిషిని ఎంచుకొని వచ్చారు. కాగితం లేదు, సంతకం లేదు. బ్రెజిల్‌లో మంచు కురిసినా వానలు పడకపోయినా ఇక్కడ ధర కదులుతుంది. అలాంటి ప్రతిసారీ ఆయన అడిగిన ధరను నాన్నగారు బేరమాడకుండా ఇచ్చారు. నాన్నగారు పోయిన ఆ ఫిబ్రవరిలోనే న్యూయార్క్ మార్కెట్‌లో అరబికా ధర పౌనుకు 4 డాలర్లు దాటి మునుపెన్నడూ లేని ఎత్తుకు చేరింది. ధర పెంచుతానని ఆయన ఒక్క మాట అంటే నేనూ ఇచ్చి ఉండేదాన్ని. ఆయన ధర పెంచలేదు, గింజ మార్చారు.

ఫోన్ చేసినప్పుడు ఆయన బుకాయించలేదు, అదే ఎక్కువ బాధించింది. "నాన్నగారు పోయాక మీరు దుకాణం నడుపుతారని నేను అనుకోలేదమ్మా, నాలుగు నెలల్లో ఎవరికో అమ్మేస్తారనుకున్నాను" అన్నారు. అంటే మూసివేయబోయే దుకాణానికి ఏ గింజ పంపినా ఒకటేనని ఆయన లెక్క. ఆ మాటకు బదులు చెప్పడానికి నాకు చాలా ఉన్నాయి, కాని అప్పటికి బాకీ ఎంత ఉందో అడిగి, చెల్లించి, ఆ నంబరు తీసివేశాను. మోసపోయిన సరుకుకు డబ్బు ఎందుకిచ్చావని బాబాయి ఇప్పటికీ అంటూనే ఉన్నారు. నాన్నగారి పేరు మీద ఎవరి పుస్తకంలోనూ బాకీ ఉండకూడదని ఇచ్చాను. తెలివైన పనేనా అంటే కాదు.

ఇక నా తప్పు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. తెల్లవారుజామున నాలుగున్నరకు నాన్నగారు లేచి, వీధిలో పొగ పడనివారు నిద్ర లేవకముందే ఆ రోజు గింజలు వేయించేవారు. ఆరున్నరకు, ముందు రోజు వేయించి ఆరబెట్టిన గింజలు మర పట్టి, ఆ పొడితో తీసిన మొదటి డికాషన్‌ను అమ్మ, ఆయన, నేను ముగ్గురం తాగేవాళ్ళం. ముగ్గురూ సరేనంటేనే ఆ పొడి డబ్బాలోకి వెళ్ళేది. ఒకసారి అమ్మ తల అడ్డంగా ఊపినందుకు పద్దెనిమిది కిలోలు పక్కన పెట్టేశారు. ఆయన పోయిన తరువాత మూడు నెలలు మా ఇంట్లో ఎవరమూ పొద్దున కాఫీ కలపలేదు. ఆ మూడో గ్లాసు లేకుండా ఫిల్టరు ముందు కూర్చోవడం అమ్మకు గాని నాకు గాని చేతకాలేదు. వేయించాను, మర పట్టాను, తూచాను, అమ్మాను. రుచి మాత్రం చూడలేదు. చూసి ఉంటే మొదటి బస్తా దగ్గరే ఆగిపోయేది. వర్తకుడు మోసం చేశాడన్నది ఎంత నిజమో ఇదీ అంతే నిజం.

నాన్నగారు మధ్యాహ్నం ఒకటిన్నరకు షట్టరు దించి ఇంటికి వెళ్ళి భోంచేసి నాలుగింటికి గాని తెరిచేవారు కారు. ఆ వేళలో వచ్చి తిరిగి వెళ్ళినవారు మీలో ఎందరో విసుక్కున్నారు. త్యాగరాయ గానసభలో కచేరీ ఉన్న సాయంత్రాలు తప్ప రాత్రి ఎనిమిది దాటి దుకాణంలో ఉన్నది లేదు. కూకట్‌పల్లిలో రెండో దుకాణం తెరుద్దామని ఒకరు పెట్టుబడితో సహా వస్తే, "రాత్రి అన్నం ఎక్కడ తినాలి?" అని అడిగి పంపించేశారు. ఆయన పనిలో ఎంత కఠినుడో అన్నం విషయంలో అంత మొండివారు. మెట్రో పనులకు రోడ్డు తవ్వి దుకాణం ముందు రాకపోకలు పల్చబడిన ఏళ్ళలో, సరుకు తగ్గిద్దామని నేనంటే చికోరీ పాలు పెంచడం గురించి అంటున్నానేమోనని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చట్ట ప్రకారం మిశ్రమంలో చికోరీ 49 శాతం దాకా ఉండవచ్చు. ఆయన దానిని 21 కూడా కానివ్వలేదు. చివరకు 2020 ఫిబ్రవరిలో మన వీధి మీదుగా మెట్రో నడిచింది, ఇక మంచి రోజులని మిఠాయి పంచారు, మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. అప్పుడు కూడా పాత స్కూటరు మీద పెద్దవారి ఇళ్ళ గుమ్మాల ముందు పొట్లాలు పెట్టి వచ్చారు, ఎవరిది సన్న పొడి, ఎవరిది ముతక పొడి అన్నది చీటీ లేకుండానే.

నన్ను అన్నిటికన్నా వేధించింది మిగిలిన సరుకు. వచ్చిన పన్నెండు బస్తాల్లో ఐదున్నర అయిపోయి, ఆరున్నర, అంటే 325 కిలోల పచ్చి గింజలు గోదాములో ఉండిపోయాయి. అది చెడిపోయిన సరుకు కాదు. రొబస్టా విషం కాదు. చిక్కటి డికాషన్ కోసం దానిని ఇష్టపడేవారు, కావాలని కలిపించుకొనేవారు ఉన్నారు. వేరే పేరుతో, తక్కువ ధరకు, ఏమి కలిసిందో అట్ట మీద స్పష్టంగా రాసి అమ్మమని బాబాయి అన్నారు. అందులో అబద్ధం లేదు. అమ్మ కూడా సరేనంది. నేను చీటీలు అచ్చు వేయించడానికి ప్రెస్సు దాకా వెళ్ళి, నమూనా చూసి, డబ్బు ఇవ్వకుండా తిరిగి వచ్చాను. మరునాడు మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ తిరిగి వచ్చాను. ఆ పొట్లం మీద పైన నాన్నగారి పేరు, కింద ఆయన ఎన్నడూ కొనని గింజ. ఎంత నిజాయితీగా రాసినా అది ఆ వర్తకుడి సరుకును నా చేత్తో మీ ఇంటికి చేర్చడమే అవుతుందని అనిపించింది. తొమ్మిది రోజులు ఆ బస్తాల పక్క నుంచి నడిచాను. పదో రోజున, హోటళ్ళకు సరఫరా చేసే ఒకరికి, లోపల ఏముందో గింజలు వేరు చేసి చూపించి, కొన్న ధరలో మూడింట రెండు వంతులకు ఇచ్చివేశాను. ఆ నష్టం చిన్నది కాదు, దానిని భరించగల స్థితిలో మేము ఉన్నామని కూడా చెప్పలేను. ఇది వ్యాపారబుద్ధి కాదని బాబాయి అన్నది ఒప్పుకుంటాను, నిర్ణయం మాత్రం మార్చుకోను.

పైన చెప్పిన తేదీల మధ్య పీబెర్రీ పొడి కొన్నవారు పొట్లం తెచ్చినా, ఖాళీ కవరు తెచ్చినా, ఏమీ లేకుండా వచ్చి నోటితో చెప్పినా, డబ్బు గాని అంతే తూకం కొత్త పొడి గాని ఇస్తాను. లెక్క ప్రకారం అమ్మిన పొడి సుమారు 280 కిలోలు. అంతకు మించి తిరిగి వస్తే ఎవరినీ ప్రశ్నించను. మేము అమ్మే మరో రకం, 'ప్లాంటేషన్ ఎ' గ్రేడు గింజ, వేరొకరి దగ్గర కొన్నది, దానిలో దోషం లేదు. కొత్త పీబెర్రీ ఇక మీదట నమూనా పరీక్షించిన తరువాతే కొంటాను. వచ్చిన ప్రతి బస్తా నుంచి తీసిన వంద గింజలు గల్లా పెట్టె పక్కన పళ్ళెంలో భూతద్దంతో సహా ఉంటాయి, మీరే చూసుకోవచ్చు. ధర దసరా వరకు పెంచను. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగు వరకు షట్టరు ఇప్పుడూ దించే ఉంటుంది, దయచేసి తట్టవద్దు.

అమ్మా నేనూ ఆరున్నరకు మళ్ళీ ఫిల్టరు ముందు కూర్చుంటున్నాము. ఆ రోజు మెట్లు దిగుతూ ఆ మాట అన్న పెద్దాయన ఈ ఉత్తరం చదివితే, ఏదో ఒక ఉదయం ఆ వేళకు రండి. మూడో గ్లాసు కడిగి ఉంటుంది. తాగిన తరువాత కూడా మీకు అదే అనిపిస్తే నా ఎదుటే అనండి, మెట్ల మీద కాదు.