మాత్రలు మింగడం లేదట, తప్పంతా ఆడవాళ్లదేనట!

సంపాదకుడు గారికి,

జిల్లా పేజీలో ఆ వార్త వచ్చి వారం దాటినా కోపం తగ్గక రాస్తున్నా. గర్భిణులకు ఐరన్ మాత్రలు ఊరికే ఇస్తున్నా మింగడం లేదని సమీక్షలో అధికారులు విసుక్కున్నారట. ఇకపై గుర్తుచేస్తూ ఫోన్లకు మెసేజ్‌లు పంపుతారట. భలే! మా కనిగిరి వైపు చాలా ఇళ్లల్లో గర్భిణి కార్డు మీద రాయించే నంబరు మొగుడిది, ఆయనేమో బేల్దారి పనికి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటాడు. మాత్ర ఆయన మింగాలా?

నాలుగో నెల నుంచి రోజుకో ఎర్ర ఐరన్ మాత్ర 180 రోజులు, కాన్పయ్యాక మళ్లీ 180 రోజులు, పైగా రోజుకు రెండు కాల్షియం. ఐరనూ కాల్షియమూ కలిపి వేసుకోకూడదు, రెండు గంటలు తేడా ఉండాలి, ఐరన్ వేసుకున్న వెంటనే టీ తాగకూడదు. ఇవన్నీ ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? మా కోడలికి స్ట్రిప్పులన్నీ ఒకే కవర్లో వేసి "వాడుకో అమ్మా" అని పంపేశారు. విరేచనం నల్లగా అవుతుంటే బిడ్డకేమవుతుందోనని పిల్ల హడలిపోయి మానేసింది. అది మామూలేనని ముందే ఒక్క మాట చెబితే వాళ్ల సొమ్మేం పోయింది? పొద్దున్నే పొగాకు గ్రేడింగుకు పరిగెత్తే ఆడకూలీలు పరగడుపున వేసుకుని కడుపులో తిప్పి కక్కుకుంటున్నారు, రాత్రి అన్నం తిన్నాక వేసుకోమనే నాథుడు లేడు.

ఇప్పుడు మా ఇంట్లో ఎర్ర స్ట్రిప్పు క్యాలెండరు మేకుకే వేలాడుతోంది. కోడలు రాత్రి మాత్ర వేసుకుని ఆ తేదీ కొట్టేస్తుంది, మర్చిపోతే నేను అరుస్తా. దీనికి ఏ మెసేజూ అక్కర్లేదు, ఇంట్లో అత్తకో అమ్మకో కూడా చెప్పి పంపితే చాలు.

ఆశా వర్కర్లను అనడం లేదు, పాపం వాళ్లను యాప్‌ల పాలు చేశారు. ఇంటికొచ్చి సిగ్నల్ కోసం వాకిట్లో ఫోను పైకెత్తి తిరగడమే సరిపోతుంది, ఇక మాట్లాడేదెప్పుడు? ఈమధ్య ఏ శాఖలో చూసినా ఇంతే, ఫొటో అప్‌లోడ్ అయితే పని అయినట్టే! పోనీ మాత్రలైనా ఎప్పుడూ ఉంటాయా? కూలి మానుకుని వెళ్తే స్టాకు లేదు, వచ్చేవారం రమ్మంటారు.

దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తం తక్కువని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తేలింది. ప్రతి నెలా 9న గర్భిణులు ప్రభుత్వాసుపత్రికి పరీక్షలకు వస్తారు కదా, ఆ రోజు ఖాళీ స్ట్రిప్పులు తెమ్మనండి, మాత్ర మిగిలి ఉంటే తిట్టకుండా ఎందుకు మిగిలిందో అడగండి. ఆ మెసేజ్‌ల సంగతి తర్వాత, ముందు స్టాకు తెప్పించండి.

- ఒక అత్త, కనిగిరి మండలం, మార్కాపురం జిల్లా