ట్యూషన్‌లో హోంవర్క్ చేయించకండి

ఎడిటర్ గారికి,

ట్యూషన్ల మాటెత్తితే అందరూ పదో తరగతి గురించే మాట్లాడతారు. మా బెంగ మాత్రం నాలుగు నుంచి ఏడు దాకా చదివే పిల్లల గురించి. అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు సాయంత్రం ట్యూషన్లలో ఎక్కువగా జరిగేది బడిలో ఇచ్చిన హోంవర్క్ పూర్తి చేయించడం. మాస్టారు బోర్డు మీద లెక్క చేస్తారు, పిల్లలు ఎక్కించుకుంటారు. మర్నాడు టీచర్‌కు నోట్‌బుక్‌లో అన్నీ ఒప్పులే కనిపిస్తాయి. వచ్చేసిందనుకుని తర్వాతి పాఠానికి వెళ్లిపోతారు. పిల్లవాడికి రాని లెక్క బడి కంట పడకుండానే ఉండిపోతుంది.

3002లోంచి 1847 తీసేయమంటే 2845 అని వేసే పిల్లలు చాలామంది. అది అజాగ్రత్త కాదు. పైన సున్నా ఉంటే అప్పు ఎక్కడ తెచ్చుకోవాలో తెలియక, ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తారు. ‘తప్పు, మళ్లీ చెయ్యి’ అంటే మళ్లీ అలాగే చేస్తారు. 1000, 100, 10, 1 అని రాసిన చీటీలిచ్చి ఒక వెయ్యిని పది వందలుగా, అందులో ఒక వందను పది పదులుగా, ఒక పదిని పది ఒకట్లుగా మార్పించండి. పై వరుస 2, 9, 9, 12 ఎందుకైందో వాళ్లకే తెలుస్తుంది. 612ను 6తో భాగించి 12 అనే పిల్లల ఇబ్బంది వేరు. వాళ్లు మధ్యలో సున్నా వదిలేశారు. ‘600లో ఆర్లు ఎన్ని?’ అని ముందే అడిగితే జవాబు వంద దాటాలని తెలిసిపోతుంది.

ట్యూషన్ మాస్టార్లకు మా మనవి. మొదటి రోజు అప్పు తీసివేతలు, ఎక్కాలు, భాగహారం, భిన్నాలు కలిపి పన్నెండు లెక్కలిచ్చి, సాయం చేయకుండా అరగంట కూర్చోబెట్టండి. తరగతిని బట్టి కాక, చేసిన తప్పును బట్టి నలుగురైదుగురిని ఒక జట్టుగా పెట్టి రోజూ ఇరవై నిమిషాలు ఆ ఒక్కటే చెప్పండి. హోంవర్క్ పిల్లలే చేసుకోవాలి, తప్పులుంటే తప్పులతోనే బడికి వెళ్లనివ్వండి. మీరు చెప్పిన లెక్క పక్కన ‘ట్యూ’ అని రాయించండి, బడి టీచర్‌కు అదే పెద్ద సాయం. నోట్‌బుక్‌లో తప్పులున్నాయని తల్లిదండ్రులు ట్యూషన్ మాన్పించకూడదు.

ఇక బడి సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం బడి టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని అందరికీ తెలుసు. 24వ సెక్షన్ సంగతి ఎవరూ ఎత్తరు. ప్రతి పిల్లవాడి సామర్థ్యం అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించడం టీచర్ విధి అంటుందది. అంటే వెనకబడిన పిల్లలకు మళ్లీ చెప్పాల్సింది ముందుగా బడే.

పి.గన్నవరం, ముమ్మిడివరం మండలాల లంకల పిల్లలకు ఇది మరీ అవసరం. జులై, ఆగస్టుల్లో వరదొచ్చి దారులు మునిగితే బడి పోతుంది. తిరిగొచ్చేసరికి క్లాసు ముందుకెళ్లిపోయి ఉంటుంది, ట్యూషన్‌లో ఆ రోజు హోంవర్కే చెబుతారు. వరద తగ్గాక ఆ పిల్లలకు పోయిన పాఠాలు చెప్పించి, ఆ తర్వాతే వాటిపై స్లిప్ టెస్టు పెట్టేలా విద్యాశాఖ అధికారులు హెడ్మాస్టర్లకు ఆదేశాలివ్వాలి.

ఇట్లు,
కొందరు గణిత ఉపాధ్యాయులు,
కోనసీమ