జాగ్వార్ యజమానికి ముందు కావాల్సింది స్పేర్ పార్టుల హామీ

గౌరవనీయులైన సంపాదకులకు,

జాగ్వార్ పాత మోడళ్లు ఆపేసి పూర్తిగా ఎలక్ట్రిక్‌కు మారుతుంటే, చర్చంతా కొత్త లోగో చుట్టూ, టైప్ 00 నమూనా కారు గులాబీ రంగు చుట్టూ తిరిగింది. 2008లో 230 కోట్ల డాలర్లకు ఫోర్డ్ దగ్గర జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లను కొన్నది మన టాటాలే. కాబట్టి ఈ బ్రాండ్ ఎక్కడ దెబ్బతిన్నదో మనమూ పట్టించుకోవాలి.

ఇంజన్ బలానికి కొదువ లేదు. సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న 5 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్, ఎఫ్-పేస్ ఎస్‌యూవీలోని ఎస్‌వీఆర్ అనే వేగ మోడల్‌లో 550 హార్స్‌పవర్ ఇచ్చింది. కొదువంతా నిలకడకే. బీఎండబ్ల్యూ తరం మారినప్పుడల్లా ఎం3, ఎం5 అనే వేగ మోడళ్లు తెస్తూనే ఉంది. 2015లో వచ్చిన జాగ్వార్ సెడాన్ ఎక్స్‌ఈకి మాత్రం ఎం3కి ఎదురు నిలిచేలా, ఎవరైనా కొనుక్కోగలిగే మామూలు మోడల్ ఒక్కటీ రాలేదు. ఎక్స్‌ఈ నుంచే తీసిన 600 హార్స్‌పవర్ ప్రాజెక్ట్ 8ను 300 కార్లకే పరిమితం చేశారు. దానికన్నా పెద్ద సెడాన్ ఎక్స్‌ఎఫ్ రెండో తరంలో ‘ఆర్’ అనే వేగ మోడల్ అసలే లేదు. పాత ఎక్స్‌ఎఫ్‌ఆర్ నడిపినాయన మళ్లీ అలాంటిదే కొందామంటే షోరూంలో బండి ఉండదు, ఇక ఎం5కో మెర్సిడెస్ ఏఎంజీకో పోతాడు. 2018లో జాగ్వార్ ప్రపంచమంతా అమ్మినవి సుమారు 1.8 లక్షల కార్లు. అదే ఏడాది బీఎండబ్ల్యూ ఎం విభాగం ఒక్కటే లక్ష దాటింది.

కొన్నాక పడే బాధ వేరు. హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్‌లో మన దగ్గరికి వచ్చే ఎక్స్‌ఈ, ఎక్స్‌ఎఫ్ డీజిళ్లనే చూడండి. హనుమకొండ, కాజీపేట, వరంగల్ మధ్య నాలుగైదు కిలోమీటర్ల తిరుగుడులో సైలెన్సర్ లైన్‌లోని మసి ఫిల్టర్ (డీపీఎఫ్) అందులో చేరిన మసి కాలేంత వేడెక్కదు. మసి కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. పని సగంలో ఆగితే ఆ డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడితే టైమింగ్ చైన్, టర్బో అరుగుతాయి. ఆయిల్ మట్టం పెరిగిందంటే సంతోషపడేది కాదు, భయపడాల్సిందే. వారానికొకసారి మడికొండ దాటి హైదరాబాద్ హైవే మీద ఆగకుండా 20 నిమిషాలు నడపాలి, కంపెనీ గడువు దాకా ఆగకుండా 8–10 వేల కిలోమీటర్లకే ఆయిల్ మార్చాలి. ఈ రెండు మాటలు అమ్మేటప్పుడే చెప్పాలి కదా!

వీ8, వీ6 పెట్రోల్ ఇంజన్లలో సూపర్‌చార్జర్ కింద కూలెంట్ పైపు ప్లాస్టిక్‌ది. ఏళ్ల తరబడి వేడికి పెళుసుబారి అతుకు దగ్గర పగులుతుంది. కూలెంట్ కారిపోయినా పట్టించుకోకుండా నడిపితే ఇంజన్ పైభాగమైన అల్యూమినియం హెడ్ వంగుతుంది. పైపు ఖరీదు సమస్య కాదు. దాన్ని అందుకోవాలంటే సూపర్‌చార్జర్ దించాలి.

అన్నింటికన్నా పెద్ద చిక్కు బాడీ. ఎక్స్‌ఈ, కొత్త ఎక్స్‌ఎఫ్, ఎఫ్-పేస్‌లకు అల్యూమినియం ఎక్కువ, అతుకులు ఎక్కువగా రివెట్లు, జిగురుతోనే. మన డెంటింగ్ షెడ్లలో గ్యాస్ వెల్డింగ్ పెడితే ఆ వేడికి లోహం బలం పోతుంది. ఇనుప బండికి వాడిన గ్రైండర్, బ్రష్ దీనికీ వాడితే ఇనుప రజను అంటుకొని, నాలుగు వానలు పడేసరికి రంగు కింద పొక్కులు లేస్తాయి. పనిముట్లు వేరుగా పెట్టుకోవాలి, రజను పీల్చే యంత్రం ఉండాలి, జిగురు ఆరేదాకా ఆగాలి. ఈ పని నేర్చినవాళ్లు ఇక్కడ దొరకక చిన్న దెబ్బకు కూడా బండిని 145 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు లారీ మీద పంపాల్సి వస్తోంది.

రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు, ఎలక్ట్రిక్ వాహన మెకానిక్ కోర్సూ పెట్టారు. అందులోనే అల్యూమినియం బాడీ పని కూడా చేర్చాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ఎలక్ట్రిక్ బండి తేలికపడాలంటే అల్యూమినియం తప్పదు, ఆ చదువు మన పిల్లలకు జాగ్వార్ ఒక్కదానికే పనికొచ్చేది కాదు.

టాటాలను అడిగేది ఒకటే. లక్ష పౌండ్ల పైచిలుకు ధర అనుకుంటున్న కొత్త కారు తెచ్చేముందు, అమ్మకం ఆగిన ప్రతి మోడల్‌కూ స్పేర్లు ఎన్నేళ్లు దొరుకుతాయో, డిపో నుంచి ఎన్ని రోజుల్లో వస్తాయో రాసి ప్రకటించాలి.

– ఒక పాఠకుడు, హనుమకొండ