వార్షిక నివేదిక: పాటల రికార్డింగ్ విభాగం

పెద్దలకు, సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు కోశాధికారి వేరుగా చదువుతారు. సమావేశాలు ఎప్పటిలాగే జరిగాయి. మన సంఘం ఈ ఏడాది ఎక్కువగా పట్టించుకున్న పని రికార్డింగులు, అందులోనూ మార్కర్లు, అంటే రికార్డింగ్‌లో ఏది ఎక్కడుందో చూపే గుర్తులు. దాని గురించే చెప్తాను.

మన పాలమూరులో పన్నెండు మెట్ల కిన్నెర పట్టి జానపద వీరుడు పండుగ సాయన్న కథ ఎత్తుకున్న కళాకారుడు పాటకూ పాటకూ నడుమ ఆగడు. వచనం, శ్రుతి సవరణ, విన్నవాళ్లతో ముచ్చట, అన్నీ ఒకే ఫైల్‌లోకి వస్తాయి. స్టీరియోలో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ నాణ్యతతో రికార్డు చేస్తే నిమిషానికి దాదాపు 10 ఎంబీ. మూడు గంటల కథ 1.9 జీబీ అవుతుంది. అందులో సాయన్న పట్టుబడిన ఘట్టం కావాలంటే ఎక్కడని వెతకాలి?

అందుకే రికార్డింగ్ నడుస్తుండగానే మార్కర్ పెట్టాలని నియమం చేసుకున్నాం. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్, ఎం కలిపి నొక్కి పేరు కొడితే అక్కడికక్కడే లేబుల్ పడుతుంది; మార్కర్‌ను అందులో లేబుల్ అంటారు. రీపర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో షిఫ్ట్, ఎం. తర్వాత తీరిగ్గా పెట్టుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. పెట్టుకోవచ్చు, కానీ ఇది ఏ పాట, ఏ సందర్భంలో పాడతారు అని చెప్పగల మనిషి అప్పుడు పక్కన ఉండరు. బతుకమ్మ పాటల దగ్గర ఇది బాగా తెలిసింది. పాడుతున్న అక్కల పక్కనే కూర్చున్న ఒక అవ్వ ఒక్కో పాట ఏ ఊరి వరసో చెప్తుంటే లేబుల్‌లో రాసుకున్నాం. ఆ వివరం ఇంకెక్కడా దొరకదు.

పేరుకు ముందు పాట, వచనం, శ్రుతి, ముచ్చట అని రకం రాస్తున్నాం. అనుమానముంటే ప్రశ్నార్థకం. ఎడిటింగ్ చేసేవాళ్లు ఆడాసిటీలో సింక్ లాక్ తప్పకుండా ఆన్ చేయండి. లేకుంటే నడుమ దగ్గు ఒక్కటి కత్తిరించినా ఆడియో ముందుకు జరుగుతుంది, లేబుళ్లు ఉన్నచోటే ఉండిపోతాయి. అసలు ఫైల్‌ను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు.

లేబుళ్ల ప్రకారం ఎక్స్‌పోర్ట్ చేస్తే ఏ పాటకు ఆ పాట పేరుతో సహా విడి ఫైల్ అవుతుంది. లేబుళ్లను టెక్స్ట్ ఫైల్‌గా కూడా దాచండి. ప్రతి వరసలో మొదలు, చివర సెకన్లలో, పక్కన పేరు ఉంటాయి. రేపు సాఫ్ట్‌వేర్ మారినా అది చదవొచ్చు.

వచ్చే ఏడాది నల్లగొండ వైపు ఒగ్గు కథలు రికార్డు చేయాలని ఉంది. మైకు దగ్గర ఒకరు, మార్కర్లకు ఒకరు కావాలి. వీలున్నవాళ్లు కార్యదర్శికి పేరు ఇవ్వండి.