నీళ్లలో మనిషి ఉన్నాడనుకునే నడపాలి: మన పడవల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది లెక్కలు, కొత్త సభ్యుల జాబితా విడిగా పంపుతున్నాం. లైఫ్ జాకెట్ల తనిఖీ పూర్తయింది, పాతవి తీసేశాం. మిగతా నివేదికంతా ఒక్క విషయం గురించే రాస్తున్నాను: ఈతగాళ్లు, డైవర్లు, జాలర్ల వలలు ఉన్న చోట పడవ ఎలా నడపాలన్నది. సంఘం ఈసారి ఎక్కువ సమయం దానికే పెట్టింది.

రుషికొండ దగ్గర ఈతకు గుర్తించిన హద్దులోకి పడవ వెళ్లకూడదని మనందరికీ తెలుసు. చిక్కంతా హద్దు బయటే. అక్కడ స్కూబా డైవర్లు దిగుతారు, జాలర్లు వలలు వేస్తారు, బాగా ఈదగలమనుకునే కుర్రాళ్లు సముద్రం లోపలిదాకా వచ్చేస్తారు. చలికాలంలో ఒక ఉదయం మన సభ్యుడి పడవకు చాలా దగ్గరలో ఒక డైవర్ పైకి తేలాడు. ఎండ నీళ్ల మీద పడి మెరుస్తోంది, నల్లటి తల చివరి క్షణం దాకా కనబడలేదు. సరంగు వెంటనే ఇంజన్ కట్టేశాడు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని మరుసటి రోజు మాతో చెప్పాడు. ఆయన్ని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ఆ పడవ నా చేతిలో ఉన్నా అదే జరిగేది.

ఆ తర్వాత డైవింగ్ నేర్పేవాళ్లను పిలిచి కూర్చున్నాం. వాళ్లు చెప్పిన ఒక మాట చాలామందికి కొత్త. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తే, నీళ్లలో 1,500 మీటర్ల దాకా వెళ్తుంది. అందుకే నీటి కింద ఉన్న మనిషికి ఇంజన్ మోత వినబడుతుంది కానీ అది ఏ వైపు నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు. ‘మోత విని వాళ్లే తప్పుకుంటారులే’ అనుకోవడానికి ఇక వీల్లేదు. తప్పుకోవాల్సింది మనమే.

నీలం, తెలుపు రంగుల్లో చివర చీలిన జెండా గానీ, ఎర్ర గుడ్డ మీద ఏటవాలుగా తెల్ల పట్టీ ఉన్న జెండా గానీ కనబడితే కింద మనిషి ఉన్నట్టే. మొదటిది అంతర్జాతీయ సంకేత జెండా, ‘డైవర్ దిగాడు, దూరంగా నెమ్మదిగా వెళ్లండి’ అని దాని అర్థం. జెండాకు 100 మీటర్ల లోపలికి వెళ్లకూడదని మన సమావేశంలో తీర్మానించాం. బుడగలు కనబడిన చోటే మనిషి ఉంటాడని కూడా నమ్మొద్దు, ప్రవాహానికి అవి పక్కకు జరుగుతాయి. వేగం పెంచితే ముందు భాగం పైకి లేచి ఎదుటి నీళ్లను కప్పేస్తుంది కాబట్టి ముందు కూర్చుని చూసే మనిషి ఒకరు తప్పనిసరి.

ఈతగాణ్ణి ఎక్కించుకునేటప్పుడు న్యూట్రల్ చాలదు, ఇంజన్ పూర్తిగా ఆపాలి. లాంగ్ టెయిల్ మోటార్లు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త, వాటి ప్రొపెల్లర్ పడవ వెనక చాలా దూరం సాగి ఉంటుంది. కిల్ స్విచ్ (నడిపేవాడు పడిపోతే ఇంజన్‌ను ఆపేసే మీట) తాడు మెడలో వేలాడదీయడం కాదు, చేతికి కట్టుకోవాలి.

జాలర్ల ఫిర్యాదు వేరు. అలివి వల (ఒడ్డు మీద నిలబడి తాళ్లతో లాగే పెద్ద వల) లాగుతున్నప్పుడు ఒడ్డుకూ వలకూ మధ్యలోంచి మన పడవ వెళ్లి తాడు తెగిన సంగతి వాళ్లు చెప్పారు. తాడు కనబడలేదని మనవాడంటే, ఒక పెద్దాయన ‘కనబడకపోతే మాత్రం తాడెక్కడికి పోతాది బాబూ, నీళ్లలోనే ఉంటాది’ అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. తెగిన తాడు ఖర్చు సంఘం ఇచ్చింది, ఆ రోజు వేటను మాత్రం ఇవ్వలేకపోయాం. ఒడ్డున మనుషులు తాడు పట్టుకుని కనబడితే వల బయటి వైపు నుంచే తిరిగి వెళ్లండి. రెండు జెండా కర్రల మధ్య వల ఉంటుంది, ఆ మధ్యలోంచి దాటొద్దు. ప్రొపెల్లర్‌కు తాడు చుట్టుకుంటే రివర్స్ వేసి లాగకండి, ఇంజన్ ఆపి జాలరిని పిలవండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఉండదు. అయినా మోటారు లేని తెప్పలు సముద్రంలోనే ఉంటాయి. నిషేధం ముగిసిన మొదటి రోజుల్లో వలలు ఎక్కువ, అప్పుడు పర్యాటకులను తిప్పేవాళ్లు ఉదయం పూట ఇంకొంచెం ఆలస్యంగా బయల్దేరాలని కోరుతున్నాం.

డైవర్ జెండాల రంగుల పటం అచ్చు వేయించి సంఘం గదిలో ఉంచాం. ప్రతి సరంగూ సంతకం పెట్టి ఒకటి తీసుకుని, పడవలో కళ్లకు ఎదురుగా అతికించండి.

మీ కార్యదర్శి